నేను నవ్వని తప్పులు

వారానికి ఆరు రోజులు, మూడు ఊళ్లు. సోమ, గురువారాలు సూర్యాపేట. మంగళ, శుక్రవారాలు కోదాడ. బుధ, శనివారాలు మిర్యాలగూడ. ఇంటర్ పిల్లలకు లెక్కలు, ఫిజిక్స్ చెబుతాను. డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలకు కంప్యూటర్ చెబుతాను. ఆదివారం నాడు ఎవరైనా ఫోన్ చేసి "మేడం, ఒక్క డౌటు" అంటే ముందు తిడతాను, తర్వాత ఆ డౌటు తీరుస్తాను. ఈ వరస తెలిసినవాళ్లు తిట్లు అయ్యేదాకా ఓపిగ్గా లైన్‌లోనే ఉంటారు.

సూర్యాపేటలో మా ఇంటి మేడ మీది రేకుల గదే క్లాసు. కోదాడలో పురుగుమందుల దుకాణం పైన కిరాయి గది. కింది నుంచి వచ్చే వాసనకు కొత్త పిల్లలు రెండు రోజులు ముక్కు మూసుకుంటారు, మూడో రోజు మర్చిపోతారు. మిర్యాలగూడ గది రైసు మిల్లు పక్కన. ఊక దుమ్ము పేరుకుని నేను రాయకముందే బోర్డు సగం తెల్లగా ఉంటుంది. మిల్లు నడుస్తుంటే అరిచి చెప్పాలి. అరవడం నాకేమీ కొత్త కాదు.

నాకు గర్వం ఎక్కువ. దాచుకోను. నా బోర్డు ముగ్గేసినట్టు ఉంటుంది. పైన ఎడమ మూల మొదలుపెడితే కింద కుడి మూలకు లెక్క తేలాల్సిందే, మధ్యలో ఒక్క కొట్టివేత కూడా కనపడదు. ఆ మేడం బోర్డు మీద తప్పుండదని మూడు ఊళ్లలోనూ చెప్పుకునేవాళ్లు. ఆ మాట మొదట పుట్టించింది నేనే.

ఆ గర్వాన్ని దించిన అమ్మాయి గురించి ఇది. అంతకన్నా పెద్ద గర్వాన్ని ఇచ్చింది కూడా ఆ అమ్మాయే.

గరిడేపల్లి నుంచి బస్సులో కోదాడ వచ్చేది. ఇంటర్ ఫస్టియర్. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇక్కడికొచ్చాక ఒక్కసారిగా అంతా ఇంగ్లీషు. దానికితోడు చలికాలంలో టైఫాయిడ్ వచ్చి నెలన్నర మంచంలో ఉంది. తిరిగి వచ్చాక మూడో బెంచీలో గోడవారగా కూర్చుని, నేను బోర్డు మీద ఏం రాస్తే అది అచ్చు గుద్దినట్టు రాసుకునేది. నోరు మాత్రం విప్పేది కాదు. "అర్థమైందా?" అంటే అందరితో కలిసి "అయింది మేడం" అనేది. ఈ "అయింది మేడం" అనేది మా దగ్గర ఒక పాట. అర్థమైనవాడూ కానివాడూ ఒకే శ్రుతిలో పాడతారు.

శుక్రవారం ఇంటర్ క్లాసు అయ్యాక అదే గదిలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ క్లాసు ఉండేది. ఆమె బస్సుకు ఇంకా గంట టైముండేది కాబట్టి వెనక బెంచీలో కూర్చునేది. నా దగ్గర ఉన్నది ఒకే ల్యాప్‌టాప్. అందుకని ప్రోగ్రాం ముందు కాగితం మీద రాయాలి, వేలు పెట్టి లైను లైనూ నడిపించాలి, ఏం వస్తుందో చెప్పాలి, ఆ తర్వాతే కీబోర్డు ముట్టుకోవాలి. అది నా పద్ధతి. ఒకరోజు ఆమెను పిలిచి, ఇక్కడ నీకేం పని అని అడిగాను.

"నాకు కంప్యూటర్ చదవాలని ఉంది మేడం. ఇంజినీరింగ్‌ల గదే తీసుకుంట," అంది. నా ముందు ఆమె అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదటిసారి.

ఏప్రిల్‌లో రిజల్ట్ వచ్చింది. అన్నీ పాసై ఫిజిక్స్‌లో పోయింది. రెండంటే రెండు మార్కులు తక్కువ.

మర్నాడు తండ్రి వెంట వచ్చింది. ఆయన రైతు, గరిడేపల్లిలో వరి వేస్తాడు. చెప్పులు మెట్ల కిందే విడిచి పైకి వచ్చాడు. కోపం లేని మనిషి. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాడు.

"మేడం, సప్లిమెంటరీ రాయిస్త. గీసారి గూడ పోతే ఇగ సదువు ఖతం. గీడ కోదాడల మా తెలిసినాయన బట్టల దుకాణం ఉన్నది, పనికి ఆడివిల్లలు కావాలంటున్నడు. ఎన్నేండ్లని బస్సుల తిప్పాలె?"

ఆమె తల వంచుకుని నిలబడింది. నెల రోజుల్లో పాస్ చేయిస్తానని మాట ఇచ్చాను. తండ్రి వెళ్లాక ఆమెను కూర్చోబెట్టి, పరీక్షలో ఏ ప్రశ్నకు ఏం రాసిందో మళ్లీ రాయమన్నాను. ఎక్కడ పోయిందో తెలియకుండా మందు వేయను.

రాసింది. నేను చూస్తూ పోయాను. రెండు మార్కుల ప్రశ్న ఒకటి దగ్గర నా కన్ను ఆగింది. బంతిని నిటారుగా పైకి విసిరితే, అన్నిటికన్నా ఎత్తుకు చేరిన క్షణాన దాని వేగం ఎంత, త్వరణం ఎంత? వేగం సున్నా. అది సరే, పైకి పోవడం ఆగింది, కిందికి రావడం ఇంకా మొదలవలేదు. కానీ త్వరణం, అంటే భూమి దాన్ని కిందికి గుంజుతున్న తీరు, ఎప్పుడూ ఉన్నంతే ఉంటుంది. భూమి ఒక్క క్షణం కూడా సెలవు తీసుకోదు. ఆమె రెండూ సున్నా అని రాసింది.

నాకు తిక్క రేగింది. "ఎవరు సెప్పిన్రు నీకు గిది? ఏ మహానుభావుడు సెప్పిండు?"

ఆమె పెన్నుకు మూత పెట్టింది.

"నిన్నే అడుగుతున్న!"

"మీరే మేడం."

బ్యాగులోంచి నోట్స్ తీసింది. అక్టోబర్‌లో రాసుకున్న పేజీ. వేగం సున్నా, త్వరణం సున్నా. కింద స్కేలుతో ఎర్రగీత. ఆ పక్కన నేను నోట్స్ చూసినట్టు నా రైటు గుర్తు, నా సంతకం. వానలు పడుతున్న రోజు అది, నాకు గుర్తుంది. సూర్యాపేట బస్సు తప్పిపోతుందని ఆదరాబాదరాగా రాసి పరుగెత్తాను. ఆ గదిలో ఇరవై మందికి పైగా ఉన్నారు. ఒక్కరూ కిక్కురుమనలేదు.

పేజీ అంచున పెన్సిల్‌తో, కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో తెలుగులో ఏదో ఉంది. దగ్గరికి తీసుకుని చదివాను. "మరి బంతి కిందికి ఎట్ల వస్తది?"

"గిది ఎప్పుడు రాసినవ్?"

"అదే రోజు మేడం. గాడ గుంజుడు లేకుంటే బంతి గాలిలనే ఆగిపోవాలె గద అనుకున్న."

"తెలిసి గూడ పరీక్షల తప్పెందుకు రాసినవే?"

ఆమె నా వంక ఆశ్చర్యంగా చూసింది. అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు.

"మీరు సెప్పిన్రు గద మేడం. మీరు సెప్పింది తప్పెట్ల అయితది?"

ఆ పూటకు ఆమెను ఇంటికి పంపేశాను. బస్సెక్కాక నేను చదివిన తిరుమలగిరి బడి గుర్తొచ్చింది. ఏడో తరగతిలో నేను లేచి, "సార్, గీడ మైనస్ రావాలె," అన్నాను. సార్ చెడ్డవాడు కాదు. కానీ ఆ రోజు నన్ను ఎండలో నిలబెట్టాడు. మా ఇంట్లో తెలిసి, సార్‌కే ఎదురు చెబుతావా అని ఇంకో నాలుగు పడ్డాయి. ఆ మైనస్ రావాల్సిందే. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. అంత బాగా గుర్తున్న నేనే, నా ముందు ఇరవై మందిని నోళ్లు కుట్టి కూర్చోబెట్టాను. వాళ్లను ఎండలో నిలబెట్టలేదు, అంతే. నా అరుపులే చాలాయి.

మర్నాటి నుంచి మూడు ఊళ్లలో కొత్త రూలు పెట్టాను. ప్రతి ఇంటర్ క్లాసులో కావాలని ఒక తప్పు చేస్తాను. ఎక్కడ చేస్తానో చెప్పను. పట్టినవాళ్లకు చాక్‌పీసు ఇచ్చేస్తాను. వాళ్లు వచ్చి లెక్క సరిచేసి పూర్తిచేస్తారు, నేను పోయి వాళ్ల బెంచీలో కూర్చుంటాను.

మొదటి వారం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సూర్యాపేట పిల్లలు నా తప్పును నాకన్నా అందంగా నోట్సులో ఎక్కించుకున్నారు. కోదాడ పిల్లలకు మర్యాద జాస్తి. ఒకడు లేచి "తప్పనడం లేదండి, కాకపోతే ఒకసారి చూస్తారేమోనని," అని నసిగి మళ్లీ కూర్చున్నాడు. మిర్యాలగూడలో మిల్లు మోతకు తగ్గ పిల్లలు. వాళ్లు మొదటి లైను నుంచే "తప్పు మేడం! తప్పు!" అని కేకలు పెట్టారు. నేను తేదీ రాస్తే అదీ తప్పన్నారు. క్యాలెండర్ తెప్పించి చూపిస్తే గానీ ఊరుకోలేదు.

మెల్లగా దారిలో పడ్డారు. నా జీవితంలో మొదటిసారి పిల్లలు బోర్డు వంక నిజంగా చూడడం చూశాను. అప్పటిదాకా వాళ్లు చూసింది నన్ను.

గరిడేపల్లి అమ్మాయి మాత్రం లేవలేదు. సప్లిమెంటరీ పిల్లలకు రోజూ క్లాసు పెట్టాను. మిగతా ఊళ్ల టైములు అటూ ఇటూ జరిపి రోజూ కోదాడ దిగాను. రోజూ ఆమె వంక చూసేదాన్ని. పెన్సిల్ కదిలేది, మనిషి కదిలేది కాదు. ఎవరో ఒకరు తప్పు పట్టేవాళ్లు, చాక్‌పీసు వాళ్లకు పోయేది. ఇది పాసవడానికి పనికొచ్చే పిల్లే, కానీ రేపు పరీక్షలో మళ్లీ తన బుద్ధిని పక్కన పెట్టి ఎవరి మాటో రాసి వస్తుందని నా భయం. అలా రాస్తే బట్టల దుకాణమే.

తొమ్మిది రోజులయ్యాక ఆమె నోట్స్ అడిగి తీసుకున్నాను. చివరి పేజీ తిప్పితే తేదీలవారీగా నా తప్పులన్నీ ఉన్నాయి. ఒక్కటీ వదల్లేదు. సంతోషంతో లెక్కపెట్టాను. రోజుకొకటి చొప్పున తొమ్మిది ఉండాలి. పదకొండు ఉన్నాయి.

"గీ రెండు ఏంది?" అన్నాను.

ఒకటి ఫిజిక్స్ లెక్కలో: మూడో లైనులో ఉన్న మైనస్ నాలుగో లైనుకు వచ్చేసరికి మాయమైంది. రెండోది శుక్రవారం కంప్యూటర్ క్లాసుది: ఒకటి నుంచి పది దాకా అంకెలు వస్తాయని నేను వేలు పెట్టి నడిపించిన ప్రోగ్రాం, నిజానికి తొమ్మిది దగ్గరే ఆగిపోతుంది.

"ఇవి మీరు కావాలని చేసినయ్ కాదు మేడం," అంది మెల్లగా.

"నీకెట్ల తెలుసు?"

"కావాలని చేసేటప్పుడు మీరు మూతి బిగవట్టి నవ్వు ఆపుకుంటరు. గా రెండు సార్లు నవ్వలే."

నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. నవ్వు బయటికి రానివ్వకుండా, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"కావాలని చేసినయ్ సెప్తే ఆట మేడం. గివి సెప్తే మీకు కోపం వస్తది."

బస్సులో ఆ రెండు లెక్కలూ మళ్లీ చేశాను. మునగాల దాటేసరికి తేలింది. ఆమె రాసిందే ఒప్పు. నా ఆట ఆమె ముందు ఎంత తేలికైందో కూడా అప్పుడే తేలింది. నేను ముందే ఒప్పుకున్న తప్పును పట్టడానికి ధైర్యం ఎందుకు?

పరీక్షకు ముందు చివరి క్లాసు. తండ్రి వచ్చాడు, హాల్‌టికెట్ జిరాక్సు తీయించడానికి. ఎండ మండిపోతోందని లోపలికి పిలిచి వెనక బెంచీలో కూర్చోమన్నాను. నిజం చెప్పాలంటే ఆయనకు నా బోర్డు చూపించాలనీ ఉంది. రైతు ముందు కూడా గొప్పలు పోకుండా ఉండలేని మనిషిని నేను.

బంతి లెక్కే వేశాను. సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో పైకి విసిరితే ఎంత ఎత్తుకు పోతుంది? ఆనాటి నా తప్పును చివరి లైనులో పెడదామని ముందే అనుకున్నాను, ఆమె లేస్తుందో లేదో ఆ బంతి మీదే తేల్చుకుందామని. మంచి ఊపు మీద ఉన్నాను. గొంతు పెంచి, చెయ్యి తిప్పి, ముగ్గేసినట్టు రాసుకుంటూ పోయాను. ఎత్తు రెండు మీటర్లు అని తేల్చి గీత గీశాను.

"మేడం, తప్పు."

వెనక్కి తిరిగాను. మూడో బెంచీలో గోడవార ఆమె నిలబడి ఉంది.

నేను ఇంకా తప్పు పెట్టలేదు. పెట్టాల్సిన చోటుకే రాలేదు. క్లాసంతా నా వైపు చూస్తోంది, వెనక నుంచి తండ్రీ చూస్తున్నాడు. నా రూలు నేనే మర్చిపోయాను.

"ఏది తప్పు? యాడ?" అని గట్టిగానే అరిచాను.

ఆమె మొహం పాలిపోయింది. వెనక నుంచి తండ్రి లేచాడు, సిగ్గుతో చచ్చిపోతున్నట్టు.

"ఏందే నువ్వు? మేడం ముంగట గట్లంటవా? కూసో ముందుగాల!"

ఆమె కూర్చోలేదు. చేతులు బెంచీని పట్టుకుని ఉన్నాయి.

"నాయినా, తప్పున్నది," అంది. నా వైపు తిరిగింది. "మేడం, ఇరవైని ఇరవైతోని గుణిస్తే నాలుగు వందలు. మీరు నలభై రాసిన్రు. గంత జోరుగ ఇసిరితే బంతి రెండు మీటర్లే లేస్తదా? గీ గది కప్పు గూడ తాకది."

నేను బోర్డు వంక తిరిగి చూశాను. నలభై. ముత్యం లాంటి నా అక్షరాల్లో నలభై. ఇరవై ఏళ్లకు పైగా చదువు చెబుతున్న మనిషి రాసిన నలభై.

ఆమె దగ్గరికి నడిచి వెళ్లి చాక్‌పీసు ఆమె చేతిలో పెట్టాను. తిన్నగా వెనక్కి పోయి ఆ తండ్రి పక్కన బెంచీలో కూర్చున్నాను. ఆయన కంగారుగా లేవబోయాడు.

"కూసోండ్రి," అన్నాను. "గిప్పుడు ఆమె సెప్తది, మనం వింటం."

ఆమె నలభైని తుడిచింది. నాలుగు వందలు రాసింది. దాన్ని కింది ఇరవైతో భాగిస్తే ఎత్తు ఇరవై మీటర్లకు తేలింది. అక్కడితో ఆగలేదు. బోర్డు పై కొసన బంతిని గీసి, పక్కన వేగం సున్నా అని రాసింది. ఆ తర్వాత చేతిలోని చాక్‌పీసును పైకి ఎగరేసి పట్టుకుంది.

"పైన గాడ వేగం సున్నా. గుంజుడు సున్నా కాదు. గది గూడ సున్నా అయితే ఈ చాక్‌పీసు నా చేతికి మళ్ల రాదు."

పక్కనున్న తండ్రి చిన్నగా తల ఊపాడు. "నిజమే గద మేడం," అన్నాడు నాతో, గుసగుసగా. నా దగ్గర చదివి ఇంజినీర్లయినవాళ్లున్నారు, టీచర్లయినవాళ్లున్నారు, మిర్యాలగూడ మిల్లులో మోటార్లు విప్పి బిగించేవాడున్నాడు. ఎవరిని చూసినా గర్వపడ్డాను. కానీ ఓడిపోయి వెనక బెంచీలో కూర్చుని అంత గర్వపడింది మాత్రం ఆ ఒక్క పూటే.

పరీక్ష రోజు సెంటరు గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె నవ్వుతూ బయటికి వచ్చింది.

"బంతి రాలే మేడం."

ఇంత గోల చేసిన బంతి, అసలు పేపర్లోకే రాలేదు. ఇద్దరం రోడ్డు మీదే పగలబడి నవ్వాం.

రిజల్ట్ వచ్చిన రోజు నేను మిర్యాలగూడలో ఉన్నాను. తండ్రి ఫోన్ చేశాడు. మిల్లు మోతలో వినబడక చెవిలో వేలు పెట్టుకుని మెట్ల మీదికి వచ్చాను.

"పాసైంది మేడం. మంచి మార్కులే వచ్చినయ్. ఇగ దుకాణం ముచ్చట లేదు, కంప్యూటరే సదువుకోనియ్."

నేను సంతోషమన్నాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు. ఇంకేదో ఉంది.

"కానీ మేడం, ఒక పరేషాన్ అయింది. మాకొక వంకర మడి ఉన్నది. దానికి ఎదురెదురు గట్లు కలిపి, సగం చేసి, అడ్డం నిలువు గుణించి ఎన్ని గుంటలని లెక్క కడత. యూరియా గూడ గదే లెక్కతోని సల్లుత. మా నాయిన గూడ గట్లనే కట్టిండు. నిన్న గిది వచ్చి, తప్పు నాయినా అన్నది. మూలకు మూలకు తాడు పట్టి, మడిని రెండు ముక్కలు చేసి కొలిచింది. మూడు గుంటలు తక్కువొచ్చింది."

"తప్పేనా మరి?" అని అడిగాను.

అవతల ఆయన నవ్వడం వినబడింది, మిల్లు మోతను మించి.

"తప్పే మేడం. మా నాయిన కాలం సంది తప్పే."